చదవడం వచ్చు, కానీ పుస్తకం ముట్టుకోడు: మూడో తరగతి పిల్లాడికి ఏం చేయాలి?

వైట్‌ఫీల్డ్_నాన్న

అందరికీ నమస్కారం. మావాడు మూడో తరగతి, ఇక్కడే బెంగళూరులో ఓ ప్రైవేటు స్కూలు. ఇంగ్లీషు బాగానే చదువుతాడు, కన్నడ కూడబలుక్కుంటాడు, తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు. చదవడం రాక కాదు బాధ, చదవమంటే పారిపోవడం. స్కూలువాళ్ళు రీడింగ్ లాగ్ అని ఒక షీటు ఇస్తారు. రోజూ 20 నిమిషాలు చదివి, ఎన్ని పేజీలయ్యాయో రాసి, మా చేత సంతకం పెట్టించుకోవాలి. వీడు టైమర్ పెట్టుకుని కూర్చుంటాడు, అది మోగగానే వాక్యం మధ్యలో ఉన్నా సరే పుస్తకం మూసేసి లేస్తాడు. కథ ఏమైందిరా అంటే "ఏమో, సంతకం పెట్టు" అంటాడు.

మా ఆవిడేమో పుస్తకానికి ఇంత అని డబ్బులిద్దాం అంటోంది. మా నాన్నగారు టీవీ కేబులు పీకేయమంటున్నారు. లెక్చర్లు వద్దు, మీ ఇళ్ళలో పనిచేసినవి చెప్పండి చాలు.

సిల్క్‌బోర్డు_బాధితుడు

డబ్బులివ్వండి అన్నా, తప్పేముంది. మేం పుస్తకానికి 10 రూపాయలు ఇస్తున్నాం, మా పాప వారానికి నాలుగైదు లాగించేస్తోంది.

చర్చ్‌స్ట్రీట్_పురుగు

సిల్క్‌బోర్డు అన్నా, ఆ నాలుగైదు పుస్తకాలు ఎంత లావున్నాయో ఒకసారి చూడు :) పిల్లలు మనకంటే లెక్క తెలిసినవాళ్ళు, పేజీకి ఒక లైనున్న పుస్తకాలు ఏరుకుంటారు. సరదాకి అనడం లేదు, దీని మీద పేరున్న ప్రయోగమే ఉంది. 1973లో మార్క్ లెపర్, ఇంకో ఇద్దరు కలిసి బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టం ఉన్న నర్సరీ పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే రిబ్బనున్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగతావాళ్ళకి ఏమీ లేదు. కొన్నాళ్ళ తర్వాత క్లాసులో స్కెచ్ పెన్నులు ఊరికే పెట్టి చూస్తే, ముందే ఆశ పెట్టినవాళ్ళు మిగతావాళ్ళతో పోలిస్తే సగం సేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో మాత్రం ఆ తగ్గుదల లేదు. అంటే ఇవ్వడంలో చిక్కు లేదు, బేరంలో ఉంది. పుస్తకం అయ్యాక "పద, దోసె తిందాం" అనడం వేరు, "చదివితేనే దోసె" అనడం వేరు.

సిల్క్‌బోర్డు_బాధితుడు

అవి పెన్నులు, ఇవి పుస్తకాలు. పైగా వాళ్ళకి ముందే ఇష్టం ఉందంటున్నావు. అసలు ఇష్టమే లేనివాడికి ఏదో ఒకటి చూపించి మొదలుపెట్టించాలిగా?

చర్చ్‌స్ట్రీట్_పురుగు

ఆ మాట ఒప్పుకుంటా. కాకపోతే మొదలుపెట్టించడానికి డబ్బు కంటే చవకైనది ఇంట్లోనే ఉంది, మన గొంతు.

టీచరమ్మ_కేఆర్‌పురం

అందరికీ నమస్తే. నేను ప్రభుత్వ ప్రైమరీ స్కూల్లో పనిచేస్తాను. మా క్లాసులో సగంమంది ఇంట్లో కన్నడ మాట్లాడరు. మహబూబ్‌నగర్, కర్నూలు వైపు నుంచి మేస్త్రీ పనికొచ్చినవాళ్ళ పిల్లలు, తమిళం పిల్లలు, ఉర్దూ పిల్లలు, కాబట్టి "మా ఇంట్లో వాతావరణం లేదు" అన్న మాట మా దగ్గర చెల్లదు. వాతావరణం మేమే చేసుకోవాలి.

నాన్నగారూ, మీ బాబుకి ఇప్పుడు ఎవరైనా చదివి వినిపిస్తున్నారా? చాలా ఇళ్ళలో పిల్లాడికి అక్షరాలు రాగానే మనం చదివి వినిపించడం ఆపేస్తాం, ఇక నువ్వే చదువుకో అని. పిల్లాడి వైపు నుంచి చూడండి, చదవడం నేర్చుకున్నందుకు వాడికి దక్కింది ఏంటి? అమ్మ పక్కన పడుకుని కథ వినే సుఖం పోయింది, దాని బదులు ఒక షీటు వచ్చింది. మూడో తరగతి వాడు సొంతంగా చదవగలిగే కథ వేరు, విని అర్థం చేసుకోగలిగే కథ వేరు. రెండోది ఎప్పుడూ పెద్దదే, మజా కూడా అందులోనే ఎక్కువ. ఆ మజా కోసమే మొదటిది కష్టపడి చదువుతారు. కాబట్టి కనీసం ఐదో తరగతి దాకా చదివి వినిపించండి.

మా క్లాసులో ఎలా చేస్తామో చెప్తాను. ముందు అట్ట చూపించి ఊరుకుంటాను. వాళ్ళే మొదలుపెడతారు, "టీచర్, ఆ కోడి ఎందుకు ఏడుస్తోంది", "ఏడవట్లేదు, అరుస్తోంది" అని ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ. ఆ గొడవ కాసేపు సాగనిస్తాను. తర్వాత పుస్తకం వాళ్ళ వైపు తిప్పి, చదివే లైను కింద వేలు పెట్టి, తొందర లేకుండా చదువుతాను. నీతి చెప్పను. "ఈ కథ వల్ల మనం ఏం నేర్చుకున్నాం" అన్న ప్రశ్న మా క్లాసులో నిషేధం, అది అడిగిన మరుక్షణం సగం మొహాలు వాడిపోతాయి. మర్నాడు అదే కథ మళ్ళీ అడుగుతారు. మళ్ళీ చదువుతాను. మూడోసారికి నేను ఒక మాట దగ్గర ఆగితే క్లాసంతా ఆ మాట అందుకుంటుంది. అప్పుడు ఆ పుస్తకాన్ని గోడకి కట్టిన తాడు మీద వేలాడదీస్తాను. ఇంటర్వెల్‌లో దానికోసం కొట్టుకుంటారు. కథ ముందే తెలుసు కాబట్టి భయం ఉండదు, చదవడం రానివాడు కూడా వేలు పెట్టుకుని చదివేస్తాడు. సగం జ్ఞాపకం, సగం చదువు, కానీ దారి అదే.

ఒకటి రెండు మూడు తరగతులకి మా దగ్గర నలికలి పద్ధతి. 1995లో మైసూరు జిల్లా హెచ్‌డీ కోటెలో మొదలైంది. మీకు తెలుసో లేదో, ఆ టీచర్లకి దారి చూపించింది మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ చుట్టుపక్కల పల్లె బడులే. ఎవరి వేగంతో వాళ్ళు కార్డులు పట్టుకుని ముందుకు పోవడం అందులో అసలు సంగతి. కార్డులు నింపే ధ్యాసలో పడి కథ పక్కకి పోతుందన్నది నా అభిప్రాయం, మా తోటి టీచర్లు అందరూ ఒప్పుకోరు.

జయనగర్_తాత

టీచరమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. 1947 జులైలో మద్రాసులో చందమామ తెలుగులోనూ తమిళంలోనూ మొదలైంది, మేమంతా దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదివి పెరిగినవాళ్ళమే. ఇంట్లో ఒక ప్రతి, చదివేవాళ్ళు అరడజను మంది. నాయనా, టీవీ కేబులు పీకేయమన్న మీ నాన్నగారికి నా మద్దతు.

రెండో_అంతస్తు

తాతగారూ, కేబులు ఎవరింట్లో ఉందండీ ఇప్పుడు, అంతా వైఫై :)

టీవీ గురించి మాత్రం ఒక మంచి ముక్క ఉంది. ఐఐఎం అహ్మదాబాద్‌లో పనిచేసిన బ్రిజ్ కొఠారి 1996లో ఒక ఆలోచన చేశారు. సినిమా పాటల కింద అదే భాషలో అక్షరాలు వేస్తే, పాట ఎలాగూ నోటికొచ్చి ఉంటుంది కాబట్టి కళ్ళు వాటంతటవే అక్షరాల మీద పోతాయని. తర్వాత దూరదర్శన్ చిత్రహార్‌లో హిందీ పాటలకి అలాగే వేశారు. మా ఇంట్లో కార్టూన్లకి ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడూ ఆన్. తెలుగు పాటలకి తెలుగు లిపిలో సాహిత్యం నడిచే వీడియోలు యూట్యూబులో దొరుకుతాయి, అవీ పెడతాం. పిల్లకి చదువుతున్నానని తెలీదు, చదివేస్తూ ఉంటుంది. ఇది పుస్తకానికి బదులు కాదు లెండి, ఎలాగూ చూసే టీవీలో కొంచెం లాభం.

బళ్ళారివాడు

నాన్న గారూ, మీవాడికి కన్నడ వచ్చంటే తెలుగు సగం వచ్చేసినట్టే, ఎందుకు వదిలేస్తున్నారు? రెండు లిపులూ ఒకే పాత లిపిలోంచి విడిపోయినవి. గ, ద, బ, ర, ల దాదాపు ఒకలాగే ఉంటాయి. మన తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, వాళ్ళది అడ్డంగా సాగి కొస దగ్గర వంపు తిరుగుతుంది, చూడగానే కనిపించే తేడా అదే. క, త, శ, హ లాంటివి కొన్ని కూర్చుని నేర్పించాలి. ఒత్తులు, గుణింతాల నడక రెంటిలోనూ ఒకటే, కాబట్టి కొత్తగా బుర్రకెక్కించాల్సింది తక్కువ. కర్ణాటకలో 2015 చట్టం వచ్చాక స్కూళ్ళలో కన్నడ ఎలాగూ తప్పదు, దాన్ని వాడుకోవాలి గానీ ఏడుస్తూ కూర్చోకూడదు.

నేను మా అన్న కూతురికి నేర్పించిన పద్ధతి ఇది. ప్రథమ్ బుక్స్ అని మన బెంగళూరు సంస్థే, 2004 నుంచి ఉంది. వాళ్ళ స్టోరీవీవర్ సైటు 2015లో పెట్టారు. పుస్తకాలన్నీ ఉచితం, లైసెన్సు కూడా ఎలాంటిదంటే మనం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింటు తీసి పంచుకోవచ్చు, వేరే భాషలోకి మార్చి మళ్ళీ పెట్టనూవచ్చు. ఒకే కథ, అవే బొమ్మలు, కన్నడంలో ఒకటి తెలుగులో ఒకటి దొరుకుతాయి. రెండూ ప్రింటు తీసి పక్కపక్కన పెట్టా. కన్నడ పేజీ చదువు, ఇప్పుడు తెలుగు పేజీలో ఏముందో ఊహించు, అంతే. "బాబాయ్, ఇది మర కదా, ఇక్కడ చెట్టు అనుంది, అంటే ఈ రెండు గుర్తులు చె, ట్టు" అని తనే విడదీసుకుంది. వర్ణమాల వరసగా దిద్దించి ఉంటే ఇప్పటికీ ఋ దగ్గర ఏడుస్తూ ఉండేది.

వైట్‌ఫీల్డ్_నాన్న

బళ్ళారి అన్నా, ఇది అసలు తట్టలేదు. ఏ స్థాయి నుంచి మొదలుపెట్టాలి?

బళ్ళారివాడు

అందులో నాలుగు స్థాయిలుంటాయి. ఒకటి అప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి, నాలుగు ధారాళంగా చదివేవాళ్ళకి. తెలుగుకి ఒకటి, కన్నడకి మీవాడి ఓపికని బట్టి. ఇంగ్లీషు పుస్తకాలకైతే వేళ్ళ లెక్క వాడండి. మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదవమనండి, తెలీని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. పేజీ అయ్యేలోపు ఐదూ మడిస్తే ఆ పుస్తకం ఇప్పుడు సొంతంగా చదవడానికి కష్టం, మీరు చదివి వినిపించండి.

హెచ్‌ఎస్‌ఆర్_అమ్మమ్మ

ఇంతకీ ఆ పిల్లాడికి ఏం ఇష్టమో ఎవరూ అడగలేదేం?

వైట్‌ఫీల్డ్_నాన్న

అమ్మమ్మగారూ, పాములు. కొండచిలువ ఏం తింటుంది, నాగుపాము పడగ ఎందుకు విప్పుతుంది, రోజంతా ఇదే గోల. మేం మాత్రం నీతికథలు, మహనీయుల జీవితాలు కొంటున్నాం.

హెచ్‌ఎస్‌ఆర్_అమ్మమ్మ

మరి పాముల పుస్తకం కొనివ్వక మహనీయులెందుకయ్యా వాడికి, తర్వాత చదువుతాడులే. మా మనవడు బస్సుల పిచ్చివాడు. మెజెస్టిక్ బస్టాండుకి వెళ్తే దిగినప్పటి నుంచీ బోర్డులు చదవడమే, కన్నడం ఎంతసేపట్లో వచ్చిందో మాకే తెలీదు. ఇప్పుడు వాడే ఒక రూట్ల పుస్తకం రాస్తున్నాడు, అన్నీ తప్పులే, దిద్దొద్దని కోడలికి గట్టిగా చెప్పాను.

స్పెషల్_ఎడ్

కొంచెం అడ్డొస్తున్నా, ఏమనుకోకండి. నేను చదువులో ఇబ్బందులున్న పిల్లలతో పనిచేస్తాను. "వచ్చు కానీ చదవడు" అన్న మాట మా దగ్గరికి చాలాసార్లు వస్తుంది. వాళ్ళలో కొందరికి నిజంగా ఇష్టం లేకే, ఇంకొందరికి పైకి కనిపించని కష్టం ఉంటుంది. బాబుని పక్కన కూర్చోబెట్టుకుని, వాడు ఇంతకుముందు చూడని పేజీ ఒకటి గట్టిగా చదవమనండి. లైన్లు దాటేస్తున్నాడా, మొదటి అక్షరం చూసి మిగతా మాట ఊహించేస్తున్నాడా, ఒకే మాట పై లైనులో వచ్చి కింది లైనులో మళ్ళీ తడుముకుంటున్నాడా, పేజీ అయ్యేసరికి అలిసిపోతున్నాడా చూడండి. అలా ఉంటే ముందు కళ్ళ డాక్టరు, తర్వాత అవసరమైతే లెర్నింగ్ డిసెబిలిటీ పరీక్ష. బెంగళూరులో నిమ్హాన్స్ ఆసుపత్రిలో చేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇది కూడా ఉంది కాబట్టి అవసరమైనవాళ్ళకి పరీక్షల్లో వెసులుబాట్లు ఉంటాయి.

దీనికి రెండో వైపూ ఉంది. రెండు మూడు భాషలు కలగాపులగంగా నేర్చుకుంటున్న పిల్లాడికి ఒక్క భాషలో తడబాటు చూసి ముద్ర వేసేయకూడదు. మన లిపులకి టైం పడుతుంది. ఇంగ్లీషులో 26 అక్షరాలు, మనకి గుణింతాలు, ఒత్తులు కలిపితే వందల్లో గుర్తులు. సోనాలీ నాగ్ కన్నడం చదివే పిల్లల మీద చేసిన పరిశోధన 2007లో వచ్చింది, అక్షరాల మీద పూర్తి పట్టు రావడం నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని అందులో కనిపించింది. కాబట్టి రెండో తరగతిలో ఒత్తులు తప్పితే టెన్షన్ పడకండి.

టీచరమ్మ_కేఆర్‌పురం

మేడమ్ చెప్పింది బాగుంది. ఇంకో మాట, మన గొడవ ఇష్టం గురించి, బయట గొడవ అసలు చదవడం గురించి. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వేలో పిల్లల చేత రెండో తరగతి స్థాయి చిన్న కథ చదివిస్తారు. 2024లో దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో సగం మందికి కూడా అది రాలేదు. ఇష్టం తర్వాత, ముందు చదవడం రానీ అంటారు మా పై అధికారులు. ఈ వరస నాకు నచ్చదు. కథ కోసం వేలు పెట్టుకుని చదివిన పిల్లలకే తొందరగా వస్తోంది, రోజూ చూస్తున్నా.

క్లబ్‌హౌస్_కార్యదర్శి

మా అపార్ట్‌మెంటులో జరిగింది చెప్తా, బెళ్ళందూరు వైపు. క్లబ్‌హౌస్‌లో ట్రెడ్‌మిల్ పక్కన ఒక గోడ ఖాళీగా ఉంటే పిల్లల పుస్తకాలు పెడదామన్నాం. అసోసియేషన్ మీటింగులో దీని మీద జరిగినంత యుద్ధం బోర్‌వెల్ మీద కూడా జరగలేదు. పోతే ఎవరు బాధ్యులు, తాళం ఎవరి దగ్గర, అద్దెకున్నవాళ్ళకి ఇవ్వాలా వద్దా! చివరికి తాళం లేకుండానే పెట్టాం.

పనికొచ్చిన రెండు మూడు సంగతులు. పుస్తకాలు వెన్ను కనిపించేలా కాకుండా అట్ట ముందుకి కనిపించేలా పెట్టండి, చిన్నపిల్లలు బొమ్మ చూసి తీస్తారు, పేరు చదివి కాదు. గోడకి సన్నటి చెక్క పట్టీలు కొట్టిస్తే చాలు, వడ్రంగి ఒక పూటలో చేసేశాడు. రిజిస్టరు పిల్లలకే అప్పగించండి, మా దగ్గర నాలుగు, ఐదు తరగతుల వాళ్ళు వంతులవారీగా రాస్తారు, పెద్దవాళ్ళకి ఆ పుస్తకం ముట్టుకునే హక్కు లేదు. ఫైన్లు లేవు. పుస్తకానికి సాంబారు మరక అంటితే అంటింది, మరకలున్న పుస్తకాలే ఎక్కువ తిరుగుతున్నాయి. వెనక అట్టకి ఒక కాగితం అతికించాం, చదివినవాళ్ళు ఒక ముక్క రాయొచ్చు. "బోర్", "లాస్ట్ పేజీ ముందే చూడొద్దు", "అక్క ఏడ్చింది నేను ఏడవలే" ఇలాంటివి. పిల్లలు పుస్తకం తీసేముందు తిప్పి చూసేది ఆ కాగితమే, మేం పెట్టిన వయసు స్టిక్కర్లు ఎవరూ చూడరు. "బోర్" అని రాసినవి తీసేయమన్నారు కొందరు తల్లిదండ్రులు. తీయలేదు. బోర్ అని చెప్పే హక్కు లేకపోతే బాగుందన్న మాటకి విలువేముంది.

సిల్క్‌బోర్డు_బాధితుడు

కామిక్సు పెట్టారా అందులో? మా ఆవిడ కామిక్సు చదువు కాదంటుంది.

క్లబ్‌హౌస్_కార్యదర్శి

సగం అవే. బుడగలో మాట చదివి, బొమ్మలో మొహం చూసి, ఒక గడికీ ఇంకో గడికీ మధ్య ఏం జరిగిందో ఊహించుకోవడం చిన్న పనా? వదినగారికి నా తరఫున చెప్పు.

జయనగర్_తాత

కామిక్సు మాత్రమే చదివి ఊరుకుంటే?

చర్చ్‌స్ట్రీట్_పురుగు

ఊరుకోరు తాతగారూ, పక్కన వేరేవి అందుబాటులో ఉంటే. అందుకే పుస్తకాలు ఎక్కువ ఉండాలి, చవగ్గా ఉండాలి. చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్స్, బుక్‌వార్మ్‌లలో పాతవి దొరుకుతాయి, అవెన్యూ రోడ్డు ఉండనే ఉంది. పిల్లాడి చేతికి ఒక వంద నోటిచ్చి వాణ్ణే ఏరుకోమనండి, మనం వేరే అరల దగ్గర నిలబడాలి. తెలుగువి ఇక్కడ షాపుల్లో కష్టం. సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్ళ దగ్గర్నుంచి తెప్పించుకోండి, నేషనల్ బుక్ ట్రస్టువి ధర తక్కువ. చెన్నై తూలికా వాళ్ళవి రెండు భాషలు ఒకే పేజీలో ఉంటాయి, అమ్మకి తెలుగు, పిల్లాడికి ఇంగ్లీషు వచ్చే ఇళ్ళకి అవి భేష్. కబ్బన్ పార్కులో ఇందిరా ప్రియదర్శిని పిల్లల లైబ్రరీ ఉంది. శనివారాలు అదే పార్కులో కబ్బన్ రీడ్స్ వాళ్ళు చాపలు పరుచుకుని ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకుంటారు. పెద్దవాళ్ళు అంతమంది ఫోను పక్కన పెట్టి చదవడం పిల్లలు ఇంకెక్కడ చూస్తారు చెప్పండి.

సర్జాపుర_రైతుబిడ్డ

సిటీ బయట ఉన్నవాళ్ళకి కూడా ఒకటి. గ్రామ పంచాయతీ లైబ్రరీల్లో ఓదువ బెళకు అనే పథకం 2020లో పెట్టారు, 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి సభ్యత్వం ఉచితం. పుస్తకాలు కన్నడమే ఎక్కువ. లైబ్రేరియన్‌ని బట్టి ఉంటుంది, మా ఊళ్ళో ఆయన మంచోడు, పిల్లలొస్తే తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చోబెడతాడు.

వైట్‌ఫీల్డ్_నాన్న

అందరికీ థాంక్స్, ఇన్ని వస్తాయనుకోలేదు. ఇప్పటిదాకా చేసినవి చెప్తా. స్పెషల్ ఎడ్ మేడమ్ చెప్పినట్టు కొత్త పేజీ చదివించి చూశాం, తడబాటేమీ లేదు, కళ్ళ పరీక్ష కూడా అయింది. క్లాసు టీచర్‌తో మాట్లాడాం, లాగ్ షీటులో నిమిషాల బదులు "ఈ రోజు ఎవరు ఎవరికి చదివారు" అని రాస్తాం ఒప్పుకోండి అని. ఆవిడ కాసేపు ఆలోచించి సరే అన్నారు, మిగతా పిల్లలకి చెప్పొద్దన్నారు, అదేం రహస్యమో మరి. రాత్రి నేను చదువుతున్నా. మా ఆవిడ సరిగ్గా పాము పుట్టలోంచి తల బయటపెట్టే చోట ఆపి కుక్కరు చూసొస్తానని లేచిపోతుంది, తిరిగొచ్చేసరికి వాడు రెండు పేజీలు ముందుంటున్నాడు. డబ్బుల ప్రస్తావన మళ్ళీ రాలేదు.

బళ్ళారి అన్నా, కన్నడ-తెలుగు జంట పుస్తకాలు ప్రింటు తీశాం. వాడే వాళ్ళ తాతకి కన్నడం నేర్పిస్తానని కూర్చున్నాడు. మా నాన్నకి తెలుగు వచ్చు, వీడికి కన్నడం వచ్చు, ఇద్దరూ గంటసేపు పోట్లాడుకున్నారు.

బళ్ళారివాడు

సూపర్! తాతకి కూడా సర్టిఫికెట్ ఇవ్వకండి :)

క్లబ్‌హౌస్_కార్యదర్శి

నాన్న గారూ, పాముల పుస్తకాలు మా దగ్గర మూడున్నాయి, వాటిలో ఒకటి ఎవరో తీసుకెళ్ళి ఇవ్వడం లేదు. మిగతా రెండూ ఆదివారం వచ్చి తీసుకోండి, గేటు దగ్గర బి బ్లాక్ క్లబ్‌హౌస్ అని చెప్పండి. బాబుని తీసుకురండి, రిజిస్టరులో సంతకం వాడే పెట్టాలి, మీది చెల్లదు.

వైట్‌ఫీల్డ్_నాన్న

తప్పకుండా. కొండచిలువది ఉందా అని అడగమంటున్నాడు. నాగుపాముదైతే ఇప్పటికే చదివాడట, వద్దట.